వేలముపాటయు పరపతియు

బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్నవారు నలుగురు కూడినచోటనెల్ల నేడు వినవచ్చుచున్న మాట యొకటి కలదు: ఇల్లు వేలమునకు వచ్చినచో మనిషి పరపతి ఆ దినముతో సమాప్తమైనట్లే, సిబిల్‌లో ఒకసారి పడిన మచ్చ జన్మాంతము మాయదు, ఆ పిమ్మట ఏ బ్యాంకును గుమ్మము త్రొక్కనీయదు, కావున ఎక్కడ ఏ వడ్డీకి తెచ్చియైనను కట్టి ఇంటిని నిలుపుకొనుటయే వివేకము. ఈ మాటను బంధువులు చెప్పుదురు, తోటి ఉద్యోగులు చెప్పుదురు, అప్పు ఇప్పించిన ఏజెంటు చెప్పును, తుదకు వసూలునకు వచ్చిన మనిషియు చెప్పును. కడపటివాని నోట అది బెదిరింపు; తక్కినవారి నోట హితోపదేశము. ఇన్ని నోళ్ల నానిన మాటను ఎవ్వరును పరీక్షింపలేదు.

ఖండింపబూనిన మాటలోని సత్యాంశమును ముందుగా ఒప్పుకొనుట న్యాయము. ఇల్లు పోవుదాక వచ్చిన అప్పు ఋణగ్రస్తుని నివేదికపై గాఢమైన మచ్చను వేయుననుటలో సందేహము లేదు. స్వాధీనపు నోటీసును రెండు దినపత్రికలలో, అందొకటి ప్రాంతీయభాషాపత్రికయై యుండునట్లు, ప్రకటింపవలెనని నిబంధనలే విధించుచున్నవి గనుక పేరు వీథికెక్కుటయు నిజమే. బ్యాంకు కొలువులకు దరఖాస్తు చేయువారి ఋణచరిత్రను సైతము నేడు పరిశీలించుచున్నారు. ఇన్ని యథార్థములపై నిలిచిన అభిప్రాయము అపోహ యెట్లగునని పాఠకుడు ప్రశ్నింపవచ్చును. యథార్థములు నిజమైనను వానినుండి తీసిన తీర్మానములు నాలుగును తప్పు. అందు కడపటిది తప్పు మాత్రమే కాదు, సంసారములను కూల్చునది.

1. మచ్చ పడునది ఏనాడు?

వేలము జరిగిన దినముననే పరపతి నశించునన్న ఊహ ఈ వాదమున కంతటికిని మూలస్తంభము. ఆ ఊహ కాలక్రమమునే తారుమారు చేయుచున్నది. మన దేశమున ఋణసమాచారమును సేకరించు సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఇవి 2005 నాటి చట్టమునకు లోబడి పనిచేయుచున్నవి. మొదటిది తక్కినవానికన్న ముందు పుట్టినది గనుక దాని పేరే 300 మొదలు 900 వరకు గల ఆ స్కోరునకు లోకవ్యవహారమున నిలిచిపోయినది. బ్యాంకు వీనికి పంపునది ఇంటి వార్త కాదు, ఖాతా వార్త. ఏ వాయిదా ఏ తేదీకి రావలసియుండెను, అది ఎన్ని దినములు దాటినది అను లెక్కయే ఆ వార్తకు ప్రాణము. నెలకొకసారి పోవుచుండిన ఆ లెక్క 2025 జనవరి నుండి పక్షమునకొకసారి పోసాగినది.

ఇక చట్టము నడచు తీరు చూడుడు. వాయిదా తప్పిన మొదటి ముప్పది దినములలోనే ఖాతా ప్రత్యేక పరిశీలనకు లోనగును. తొంబది దినములు దాటినచో మొండిబాకీ యగును. అటుపిమ్మటగాని 2002 నాటి సర్ఫేసీ చట్టము, 13వ సెక్షను రెండవ ఉపసెక్షను క్రింద, అరువది దినముల గడువుతో నోటీసు పుట్టదు. ఆ నోటీసుపై ఋణగ్రస్తుడు ఆక్షేపణ తెలిపినచో బ్యాంకు పదునైదు దినములలో కారణసహితముగా బదులీయవలెను. గడువు తీరిన పిదప స్వాధీనము, అవసరమైనచో జిల్లా మేజిస్ట్రేటు సాయము, ఆపైన మదింపు, రిజర్వు ధర నిర్ణయము, మొదటి వేలమునకు ముందు ముప్పది దినముల ప్రకటన. ఎక్కడను ఆలస్యము లేకుండ సాగినను ఇది ఆరు నెలల పని. లోకానుభవమున ఏడాదియు రెండేండ్లును పట్టుట కలదు. ఆ కాలమంతయు ప్రతి నివేదికలోను బకాయి దినముల సంఖ్య ముప్పదియై, అరువదియై, తొంబదియై, శతములకెక్కి, ఖాతా ప్రమాణహీనమనియు తరువాత సందేహాస్పదమనియు పేర్లు మార్చుకొనుచు పోవుచునే యుండును.

అనగా వేలము వేయువాడు ముమ్మారు పలికి హెచ్చుపాటను ఖాయపరచునాటికి పోవలసిన పరపతి ఏనాడో పోయినది. ఖాతా స్థితిని తెలుపు సంకేతములలో వేలముచే పరిష్కృతమైనదని చెప్పునదియు ఒకటి కలదు గదా యని ప్రతివాది యనవచ్చును. కలదు, కాని అది అప్పటికే నల్లబడిన వరుసకు తుదను చేర్చిన గుర్తు మాత్రమే. పైరు ఎండిన పిమ్మట కోతనాటి ముహూర్తమును నిందించు రైతు మనకు ఎక్కడను కానరాడు. ఇంటి అప్పు విషయమున చదువుకొన్నవారు సహితము ఆ పనియే చేయుచున్నారు.

ఈ కాలభ్రాంతి వలని అనర్థము అల్పము కాదు. వేలమే ప్రళయమని నమ్మినవాడు వేలము రానంతకాలము తన పరపతి క్షేమముగా నున్నదని భ్రమపడును. మొదటి వాయిదా తప్పిననాడు బ్యాంకునకు పోయి మాటాడడు. రెండవదానికి ఫోను ఎత్తుట మానును. నోటీసు వచ్చిననాడు దానిని బీరువాలో దాచి ఇల్లాలికి చెప్పడు. తీరా ప్రకటన పడినప్పుడు ప్లీడరును వెదకికొని హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో గల ఋణవసూలు ట్రిబ్యునలునకు పరుగెత్తును. ట్రిబ్యునలునకు పోవుట తప్పని నేననుట లేదు. బ్యాంకు చర్యపై నలువదియైదు దినములలో 17వ సెక్షను క్రింద దరఖాస్తు చేయు హక్కు విలువైనది. ఆ దరఖాస్తునకు బాకీలో నూటికి డెబ్బదియైదు పాళ్లు ముందుగా కట్టవలెనన్న నియమమును 2004లో మార్డియా కెమికల్స్ కేసున సుప్రీంకోర్టు కొట్టివేయుటచేతనే అది సామాన్యునకు దక్కినది. కాని స్టే వచ్చిన దినమున మిఠాయి పంచువాడు ఒక్క సంగతి మరచుచున్నాడు: నిలిచినది వేలము; బకాయి దినముల లెక్క నిలువలేదు.

2. ఇంటితో ఋణము తీరునా?

ఈ అభిప్రాయమునకు కవలయొకటి యున్నది. ఇల్లు పోయినచో సర్వమును పోయినదని యేడ్చువాడే, మరుక్షణమున, ఇల్లు తీసికొన్నారు గదా, ఇక వారికిని నాకును చెల్లు అని ఊరట చెందును. ఒకే నోట ఈ రెండు మాటలెట్లు పొసగునో నాకు బోధపడదు. అప్పు చెల్లిపోయినచో పరపతి కోలుకొనుటకు దారి యేర్పడవలెను. పరపతి శాశ్వతముగా నశించినదన్నచో ఏదియో చెల్లక మిగిలియుండవలెను. నిజమునకు మిగులునది యున్నది, దానినే ఎవ్వరును చూచుట లేదు.

వేలమున వచ్చిన సొమ్ము మొదట ఖర్చులకు, పిదప బాకీకి పోవును. ఇంకను మిగిలినచో హక్కుదారునకు తిరిగి ఈయవలెను. చాలనిచో, తక్కువపడిన మొత్తమును ఋణగ్రస్తుని నుండి రాబట్టుకొనుటకు సర్ఫేసీ చట్టము 13వ సెక్షను పదవ ఉపసెక్షను బ్యాంకునకు అధికారమిచ్చుచున్నది. లెక్కకు ఒకటి అనుకొందము. బాకీ 38 లక్షలు. పాట 31 లక్షలకు ముగిసినది. ఖర్చులు ఒక లక్ష. ముప్పది లక్షలు బాకీలో జమపడగా మిగిలిన ఎనిమిది లక్షలు ఆ మనిషి మెడమీదనే యుండును, వడ్డీయు నడచును. ఇరువది లక్షలకు తక్కువయిన బాకీ గనుక బ్యాంకు ట్రిబ్యునలునకు గాక సివిలు కోర్టునకు పోవును. ఇది క్రొత్త దౌష్ట్యమును కాదు. తనఖా దావాలలో ఆస్తి అమ్మకము చాలనప్పుడు మిగిలినదానికి వ్యక్తిపై డిక్రీ ఇచ్చు విధి సివిలు ప్రొసీజరు కోడు ముప్పదినాలుగవ ఆర్డరులో ఏనాటినుండియో యున్నది.

తాళములు బల్లపై పెట్టి చేతులు దులుపుకొనవచ్చునన్న నమ్మకము ఎక్కడినుండి దిగుమతి యైనదో ఊహింపవచ్చును. అమెరికాలో కొన్ని రాష్ట్రములు, ముఖ్యముగా కాలిఫోర్నియా, నివాసమునకై ఇల్లు కొనుటకు చేసిన అప్పు విషయమున ఇల్లు పోయిన పిదప మిగులుబాకీకై వ్యక్తిని వెంబడింపరాదని శాసించియున్నవి. 2008 నాటి సంక్షోభమున ఆ దేశమున ఇండ్లు విడిచినవారి కథలు మనవారి కుటుంబములలో ఫోనుల ద్వారమున ప్రచారమైనవి. అచ్చటి చట్టము కథతోపాటు విమానమెక్కి రాలేదు. మన చట్టములో అట్టి రక్షణ లేదు.

పరపతి దృష్ట్యా ఇందలి సారమేమన, వేలము జరుగుటచేత గాక, వేలము తరువాత ఖాతా తెరచియుండిపోవుటచేత నివేదిక యేండ్ల తరబడి మలినమగుచున్నది. ఆ ఎనిమిది లక్షలకు బ్యాంకు తన లెక్కలలో రద్దు వ్రాసికొన్నను ఋణగ్రస్తునిపై హక్కు వదలుకొన్నట్లు కాదు. అతని నివేదికలో 'రిటన్ ఆఫ్' అను మాట ఆ మొత్తముతో సహా నిలుచును. ఇల్లుపోయిన దుఃఖములో మునిగి, అమ్మకము ఎంతకు జరిగినది, ఎంత జమపడినది, ఎంత మిగిలినది అని ఒక్క వ్రాతపూర్వకమైన లెక్క యడుగనివాడు తన పరపతిని తానే భూస్థాపితము చేయుచున్నాడు. మరియొక వైపున, 45 లక్షలకు పాట ముగిసిన ఇంటివాడు తనకు రావలసిన మిగులును సిగ్గుచేత అడుగకుండుటయు ఈ అభిప్రాయము పెట్టిన శాపమే.

3. 'జన్మాంతము' అను మాట

శాశ్వతమను విశేషణము భయమునకు ప్రియమైనది, లెక్కకు గిట్టనిది. ఋణసమాచారమును కనీసము ఏడేండ్లు భద్రపరుపవలెనని 2006 నాటి నియమావళి చెప్పుచున్నది. కనీసమన్నారుగాని గరిష్ఠమనలేదు గదా యని వాదింపవచ్చును, నిజమే. కాని సిబిల్ నివేదికలోని నెలవారీ చెల్లింపుల పట్టిక ముప్పదియారు నెలల వెనుకకు పోదు. స్కోరు లెక్కింపులో ప్రాతదానికన్న సమీపకాలపు నడవడికే బరువు హెచ్చు. అప్పు ఈయుటకు ఇంత స్కోరు ఉండితీరవలెనని రిజర్వు బ్యాంకు ఏ అంకెయును విధింపలేదు. అది ఆయా బ్యాంకుల విచక్షణకే విడువబడినది. రాజీకి వచ్చి కొంత మాఫీ పొందినవాని సంగతి తీసికొన్నను, వ్యవసాయేతర ఋణముల విషయమున అతనికి క్రొత్త అప్పు ఈయుటకు ముందు కనీసము పండ్రెండు నెలలు ఆగవలెనని 2023 జూనులో రిజర్వు బ్యాంకు నిర్దేశించినది. పండ్రెండు నెలలు! అధికారికముగా ఏడాదియన్న నిరీక్షణను అరుగుమీది పండితుడు ఏడేడు జన్మలకు పొడిగించుచున్నాడు.

దారి సుగమమని నేను చెప్పబోను. నష్టపడిన బ్యాంకు తన పుస్తకములలో ఆ పేరును చిరకాలము గుర్తుంచుకొనును. ఇతర బ్యాంకులలో ఇంటి అప్పు కొన్నేండ్లు పుట్టదు. పుట్టినను వడ్డీ హెచ్చుగా నుండును. కాని తెరచిన ఖాతా మూయబడుట, 'సెటిల్డ్' అని యున్నదానిని మిగులు కట్టి 'క్లోజ్డ్' అనిపించుకొనుట, బంగారముపైననో ఫిక్సెడ్ డిపాజిట్టు పూచీమీద ఇచ్చు కార్డుపైననో చిన్న అప్పు తీసికొని తేదీ తప్పక కట్టుట, ఇవి నివేదికను నెలనెలకు మార్చు పనులు. నాలుగు సంస్థలును ఏడాదికొక పూర్తి నివేదికను ఉచితముగా ఈయవలెను. అందు తప్పున్నచో ఫిర్యాదు చేసిన ముప్పది దినములలో సరిచేయవలెను. చేయనిచో దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెను. అమ్మకమైన ఇంటిపై బాకీ మొత్తము ఇంకను యథాతథముగా కనబడుచున్నచో సరిచేయుమని అడుగు హక్కు ఇది. మచ్చ శాశ్వతమని నమ్మినవాడు నివేదిక తెరచియైనను చూడడు. చూడనివానికి తప్పు తెలియదు, తెలియనిది సరియగుట లేదు. ఆ విధముగా ఈ నమ్మకము తనకు తానే సాక్ష్యము సృష్టించుకొనుచున్నది.

4. ఎట్లయినను ఇల్లు నిలుపుకొమ్మను హితవు

పై మూడు పొరపాట్లును అజ్ఞానజన్యములని క్షమింపవచ్చును. ఈ నాలుగవదానిని క్షమించుట నాకు సాధ్యము కాకున్నది. పరపతి కాపాడుకొనుటకై బయట అప్పు చేసి బ్యాంకునకు కట్టుమను సలహా, మొట్టమొదట కూడికలకే నిలువదు. ముప్పది లక్షల అప్పు, ఇరువదేండ్ల గడువు, తొమ్మిదిన్నర శాతము వడ్డీ అనుకొందము: నెలవాయిదా 27,964 రూపాయలు. ఆ మొత్తము కట్టలేక తొమ్మిది నెలలు తప్పినవానికి రమారమి రెండున్నర లక్షల బకాయి పడును. దానిని నూటికి మూడు రూపాయల వడ్డీకి తెమ్మందురు. నెలకు 7,500 వడ్డీ. అనగా నెలకు 27,964 కట్టజాలని సంసారము ఇకమీదట 35,464 కట్టవలెను. ఏడాది తిరుగునప్పటికి వడ్డీ క్రింద తొంబది వేలు పోయి అసలు రెండున్నర లక్షలును చెక్కుచెదరక నిలిచియుండును. తక్కువ కట్టలేనివాడు ఎక్కువ కట్టగలడను ఈ గణితమును ఏ బడిలో నేర్పుదురో హితవు చెప్పినవారే సెలవీయవలెను.

రావలసిన సొమ్ము కొలది వారములలో నిశ్చయముగా వచ్చునన్నవానికి చేబదులు ఉపకరింపవచ్చును. నేను చెప్పుచున్నది రాబడి తరిగి, తిరిగి పెరుగు జాడలేనివాని సంగతి. అతనికి వడ్డీవ్యాపారి ఇచ్చునది కాలము కాదు. ప్రామిసరీ నోటు వ్రాయించుకొనును. దానితో సంతకముచేసిన ఖాళీ చెక్కులు పుచ్చుకొనును. ఇచట చట్టసంబంధమైన స్థితియే మారిపోవుచున్నది. ఇంటి వాయిదా కట్టలేకపోవుట సివిలు వ్యవహారము. దానికి జైలు లేదు. చెక్కు వాపసు వచ్చుట 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 138వ సెక్షను క్రింద నేరము. రెండేండ్ల దాక శిక్ష పడవచ్చును. ఇల్లుపోవు భయమునకు మందుగా జైలుభయమును కొనిపెట్టిన వైద్యమిది. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ వడ్డీవ్యాపారుల వ్యవహారమున, వసూలు పేరిట ఆడువారిపై సాగిన ఘాతుకములు లోకమునకు తెలిసినవే. ఆ వాకిళ్లకు మనుషులను తోలునది దురాశ యొక్కటే కాదు, పరువు పోవునన్న ఇట్టి హితవులు గూడ.

వింతయేమన, ఆ ప్రైవేటు అప్పు ఏ సిబిల్‌లోను కనబడదు. కావున కొన్ని నెలలపాటు స్కోరు నిలిచినట్లే తోచును. హితవు చెప్పినవారు తమ మాట ఫలించినదని సంతసింతురు. ఆ నెలలలో ఇల్లాలి పుస్తెలతాడు కుదువకు పోవును, పిల్లవాని చదువుల సొమ్ము కరగును, తోడల్లుడు పూచీ పడును. ఇంటి అప్పులో భార్య సహఋణగ్రస్తురాలైనచో ఆమె నివేదికలోను అదే ఖాతా, అవే బకాయి దినములు, ఆ ఇంటి అప్పునకు పూచీపడినవాడున్నచో వానికిని అంతే. పిదప రెండు వాయిదాలును ఒక్కసారి కూలును. మునుపు ఇల్లును, ఒక స్కోరును పోవలసియుండెను. ఇప్పుడు ఇల్లు పోయినది, ఇద్దరు ముగ్గురి స్కోర్లు పోయినవి, బంగారము పోయినది, నోటు మిగిలినది.

మరి చేయవలసినదేమి? ఇల్లు నిలువదని తేలిననాడు దానిని తానే అమ్ముట. ఈ మాట వినగానే చెవులు మూసికొనువారు కలరు. కాని చట్టము చదివినచో ఇందలి తొందర తెలియును. సర్ఫేసీ చట్టము 13వ సెక్షను నోటీసు అందిన తరువాత బ్యాంకు వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఋణగ్రస్తుడు ఆ ఆస్తిని అమ్మరాదు. అంతకుముందైనచో కొనువానిని తీసికొని బ్యాంకునకు పోయి, బాకీ అక్కడ కట్టించి, పత్రములు విడిపించి, మిగిలినది ఇంటికి తెచ్చుకొనవచ్చును. బాకీ తీరిన ముప్పది దినములలో అసలు పత్రములు తిరిగి ఈయనిచో బ్యాంకు దినమునకు అయిదువేలు చెల్లింపవలెనను నియమము 2023 డిసెంబరు నుండి అమలులో నున్నది. వేలము ప్రకటన వెలువడిన పిదప బాకీ మొత్తము తెచ్చినను ఇంటిని విడిపించుకొను హక్కు మిగులదని 2023లో సెలిర్ — బాఫ్నా మోటార్స్ కేసున సుప్రీంకోర్టు తేల్చినది. ఆ తీర్పు వచ్చిన తరువాతను చివరి నిముషమువరకు పట్టువదలకుమని బోధించుట అజ్ఞానమందునా, క్రౌర్యమందునా?

స్వయముగా అమ్మిన ఇంటికిని వేలమైన ఇంటికిని ధరలో నుండు అంతరము పరపతిలో ప్రతిఫలించును. ఉన్నది ఉన్నట్లుగా, లొసుగులతో సహా అమ్ముచున్నామని చెప్పి పాటపెట్టు ఆస్తికి, లోపల ఇంకను సంసారము కాపురమున్న ఆస్తికి, వచ్చు కొనుగోలుదారులు కొద్దిమంది, వారి పాట తక్కువ. తగ్గిన ప్రతి లక్షయు పైన చెప్పిన మిగులుబాకీలో చేరును. వెలకన్న బాకీయే హెచ్చైనచో అప్పుడును బ్యాంకుతో మాటాడి, గడువు పెంచుమనియో, రాజీకి వచ్చెదననియో అడుగుట కలదు. గడువు మార్పునకును నివేదికలో గుర్తు పడవచ్చును, పడనీయుడు. అది తొంబది దినముల నలుపుకన్న లేత.

5. స్కోరును శీలమును

ఇంతవరకు చెప్పిన భ్రమలన్నిటికిని వెనుక ఒక నైతికాభిప్రాయము దాగియున్నది: స్కోరు మనిషి శీలమునకు కొలమానము, ఇల్లు పోగొట్టుకొన్నవాడు మాట తప్పినవాడు. ఈ అభిప్రాయమే నోటీసును బీరువాలో దాచించుచున్నది, ఈ అభిప్రాయమే వడ్డీవ్యాపారి కడకు పంపుచున్నది.

దీనిని ఒక లెక్కతో పరీక్షింతము. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చు వడ్డీయగు రెపో రేటు 2022 మే నాటికి నాలుగు శాతముగా నుండి 2023 ఫిబ్రవరి నాటికి ఆరున్నరయైనది. దానిననుసరించి చలించు వడ్డీకి, ఏడు శాతమున, ముప్పది లక్షలు తీసికొన్నవాని వాయిదా 23,259. వడ్డీ తొమ్మిదిన్నరయైనప్పుడు మొదటి నెల వడ్డీయే 23,750. అనగా అతడు ఒక్క నెలయు తప్పక, ఒక్క దినమును ఆలస్యము చేయక, పాత వాయిదానే కట్టుచున్నను అప్పు తరుగుటకు మారుగా పెరుగుచుండును! ఇట్టి స్థితి కలుగకుండ ఋణగ్రస్తునకు వాయిదా పెంచుకొనుటయో గడువు పెంచుకొనుటయో ఎన్నుకొను అవకాశమీయవలెనని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ఆదేశింపవలసివచ్చినది. నెలకు 4,705 రూపాయలు హెచ్చైనప్పుడు కూలిన సంసారమున శీలము ఏ తేదీన చెడినది? ఉద్యోగము పోయిన మాసముననా, ఆసుపత్రి బిల్లు వచ్చిన మాసముననా? స్కోరు ఈ ప్రశ్న అడుగదు. అడుగుటకు దానిని నిర్మింపలేదు. కట్టగలిగియు ఎగవేసినవానిని, అప్పును దారి మళ్లించినవానిని ఉద్దేశపూర్వక ఎగవేతదారుడని వేరుగా నిర్ణయించుటకు రిజర్వు బ్యాంకు నిబంధనలు ప్రత్యేకముగా నున్నవి. నియమములే పాటించిన ఈ భేదమును మన అరుగులు పాటింపవు.

దీని ఫలితము వ్యక్తులతో ఆగలేదు. కట్టలేనివాడు దోషియని తీర్మానించుకొన్న సమాజము, కట్టలేనివానికి చట్టములో దారి యేదని అడుగుట మానుకొనును. మన జిల్లా కోర్టులలో ఐ.పి. పెట్టుట యనునది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టపు వ్యవహారము; ఆ రెండక్షరములు తెలుగునాట తిట్టుగా మారినవిగాని, నిజాయితీగా దివాలాపడినవానికి ఋణవిముక్తి కల్పించుటయే ఆ చట్టపు ఉద్దేశములలో నొకటి. దాని స్థానమున రావలసిన 2016 నాటి దివాలా కోడులో వ్యక్తులకు సంబంధించిన మూడవ భాగము గ్రంథస్థమై యున్నది. వేలముతో తీరని ఎనిమిది లక్షల మిగులుబాకీ గల మనిషి, తన రాబడిని బహిరంగపరచి, కట్టగలిగినది కట్టి, నిర్ణీతకాలము పిదప విముక్తుడగుటకు అందు ఏర్పాట్లున్నవి. ఆ భాగము 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు స్వయముగా పూచీపడినవారికి మాత్రము అమలులోనికి వచ్చినది. కోట్ల రూపాయల కంపెనీ అప్పునకు సంతకము చేసిన యజమాని దివాలా కోడు తలుపు తట్టవచ్చును. రెండు గదుల ఇంటికై సంతకము చేసిన గుమాస్తాకు ఆ తలుపు ఇంతవరకును తెరువలేదు, తెరువుమని అడిగినవారును ఆ అరుగులమీద లేరు.